మహారాజశ్రీ కనీస వేతనం గారి సముఖమునకు

అయ్యా,

తమరు క్షేమంగానే ఉన్నారని తెలిసి సంతోషించాను. నిన్న మధ్యాహ్నం ఒక సర్కారు ఆఫీసులో హౌస్‌కీపింగ్ టెండరు తెరిచారు. (ఏ ఆఫీసో అడక్కండి, వచ్చే ఏడాది మళ్లీ అక్కడే వేయాలి.) ప్రతి కవర్లోనూ తమరి పేరుంది. పనివాళ్లకు తమరి రేటుకు రూపాయి తగ్గకుండా ఇస్తామని అందరం స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ చేయించి మరీ సమర్పించుకున్నాం. తమరికి ఇంత భక్తులు ఇంకెక్కడా దొరకరు.

ఇలాంటి టెండర్లలో పోటీ జీతాల మీద ఉండదు. జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ అన్నీ తమరి రేటును బట్టి ఆఫీసువాళ్లే లెక్కగట్టి ఇస్తారు. కాంట్రాక్టరు తన సర్వీస్ చార్జి ఎంత శాతమో రాస్తే చాలు. నేను నాలుగు రాశాను. కవర్లు తెరిస్తే మిగతా అందరిదీ ఒకటే అంకె: 0.01. బెంచీ నిండా ఎల్-1లే, అంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాళ్లే. అందరూ సమానులు కాబట్టి లాటరీ తీస్తామన్నారు. తీయాల్సిన ఆఫీసరు గారేమో మీటింగులో ఉన్నారు. మూడింటికి అన్నది ఐదు దాటింది. నేను పోటీలోనే లేను, కానీ ఈఎండీ (టెండరుతో కట్టిన ధరావతు) వాపసు కాగితం మీద ఆయన సంతకం పడాలి కాబట్టి నేనూ కూర్చున్నాను. చివరికి అటెండరు బిస్కెట్ల స్టీలు డబ్బా ఖాళీ చేసి, చీటీలు మడిచి అందులో వేసి కుదిపాడు. పైకొచ్చిన చీటీకి బిస్కెట్ పొడి అంటుకుని ఉంది. గెలిచినాయనకు ఓడినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నా కాగితానికి సోమవారం రమ్మన్నారు.

తమరిది లెక్కల కుటుంబం కదా, ఒక చిన్న లెక్క చిత్తగించండి. సులువుగా ఉంటుందని మనిషి జీతం 15,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, 487 రూపాయల యాభై పైసలు. బోనస్ 8.33 శాతం, 1,249 రూపాయల యాభై పైసలు. మొత్తం 18,687. ఇరవై మందికి 3,73,740. దాని మీద 0.01 శాతం ఎంత? ముప్పై ఏడు రూపాయల ముప్పై ఏడు పైసలు.

నెలకు. ఇరవై మందికి కలిపి.

ఈ 37 రూపాయల్లో సూపర్‌వైజరుకు జీతం ఇవ్వాలి, యూనిఫాంలు కుట్టించాలి, మనిషి రాని రోజు బదులు మనిషిని పంపాలి, నెలనెలా చలానాలు కట్టే అకౌంటెంటుకు ఫీజు ఇవ్వాలి. బిల్లు ఎన్ని నెలలకు పాసైనా జీతాలు మాత్రం ఏడో తారీఖులోపు వేయాలి, అందుకు బయట వడ్డీకి తేవాలి. పైగా ఆ బిల్లు మీద ఒక శాతం టీడీఎస్ అంటే 3,737 రూపాయలు ముందే కోసేస్తారు. ఆదాయం 37, దాని మీద ముందస్తు పన్ను 3,737. ఇంత త్యాగానికి మనుషులు ఎగబడి, లాటరీ తగిలితే చప్పట్లు కొడుతున్నారు. మన నగరంలో దేశభక్తికి లోటు లేదని ఆఫీసరు గారు కూడా అనుకుని ఉంటారు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు తెలుసు. ఆడిటువాళ్లకు తెలుసు. బిస్కెట్ల డబ్బా కుదిపిన అటెండరుకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే వాళ్ల మేనకోడలు అలాంటి కాంట్రాక్టులోనే పై అంతస్తులో తుడుస్తోంది. తమరికి మాత్రమే తెలియనట్టుంది. అందుకే ఈ లేఖ.

మా దగ్గర ఆ మధ్య ఒకావిడ చేరింది. అంతకుముందు ఇంకో ఏజెన్సీ కింద ఒక పెద్ద బిల్డింగులో చేసేదట. మొదటి జీతం పడ్డ మరునాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి నిలబడింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఐదొందల నోట్లు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మీకియ్యాల్సినయి సార్. ఆడ మూడు వేలు తీస్కునేటోళ్లు. మీరెంత తీస్కుంటరో తెల్వక గంతే తెచ్చిన."

"ఎందుకు తీసుకునేవాళ్లు?"

"గవర్నమెంటుకు తిరిగి కట్టాలె అని చెప్పిన్రు సార్. ఎక్కువ పడ్తదంట కదా."

వద్దు, అవి నీవేనమ్మా, పట్టుకెళ్లు అన్నాను. ఆవిడ వెంటనే తీసుకోలేదు. ఉద్యోగం తీసేస్తున్నారేమోనని భయపడింది. మా సూపర్‌వైజరక్క వచ్చి సముదాయించి, నోట్లు మళ్లీ కొంగులో కట్టి పంపేసరికి అరగంట పట్టింది.

తరవాత మెల్లగా ఆవిడే చెప్పింది. అక్కడ చేరిన రోజే బ్యాంకు ఖాతా తెరిపించి ఏటీఎం కార్డు తమ దగ్గరే పెట్టుకునేవారట. కార్డు వెనక తెల్ల ప్లాస్టరు అంటించి, దాని మీద పెన్నుతో పేరు, పిన్ నంబరు. జీతాలు పడ్డ రాత్రి సూపర్‌వైజరు రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్టతో ఏటీఎంలో దూరి, ఒక్కో కార్డూ గీకి, తమ వాటా తీసుకుని మిగతాది మనిషి చేతిలో పెట్టేవాడట. బయట వీళ్లంతా వరస కట్టి నిలబడాలి. వెనక ఎవరైనా మామూలు మనిషి డబ్బు తీసుకోవడానికొస్తే "అన్నా, పక్క ఏటీఎంకు పో, ఇది టైం పడుతుంది" అని పంపించేవారట.

చూశారా, తమరి వైభవం? పూర్వం చేతికి జీతాలిచ్చే రోజుల్లో తమరిని ఎగ్గొట్టాలంటే దొంగ మస్టరు రాయాలి, దొంగ వేలిముద్రలు వేయించాలి. ఎంత శ్రమ! ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. ఫలానా తేదీన పూర్తి జీతం జమ, పైసాతో సహా. ఏ ఇన్‌స్పెక్టరొచ్చినా, ఏ కోర్టు అడిగినా చూపించొచ్చు. ఆవిడ ఫిర్యాదు చేసినా ఆవిడ పాసుబుక్కే ఆవిడ మీద సాక్ష్యం చెబుతుంది.

తమరి వంశ చరిత్ర నేను కొంత చదువుకున్నాను. మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, ఇవన్నీ కలిపి తమరి పొడవు వెడల్పులు కొలవాలని 1957లో భారత కార్మిక సదస్సు తీర్మానించింది. ఆ తిండి లెక్క వేసిన అయిక్రాయిడ్ దొరగారు కూనూరులో నడిపిన పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి, ఇప్పటికీ తార్నాకలో ఉంది. అంటే తమరు మాకు ఇంటి మనిషి కిందే లెక్క. తరవాత 2019లో నిపుణుల కమిటీ కూర్చుని ఇప్పుడు అంత కష్టపడి పనిచేసేవాళ్లు తగ్గారు, 2,400 కేలరీలు చాలన్నది. ఆ కమిటీలో ఎవరైనా రెండు చేతులా నీళ్ల బకెట్లు పట్టుకుని లిఫ్టు పనిచేయని బిల్డింగులో నాలుగంతస్తులు ఎక్కి ఉంటే బాగుండేది. సరే, అలా కోసి కూడా రోజుకు 375 రూపాయలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. అదే ఏడాది జాతీయ స్థాయిలో తమరు పెరిగింది 176 నుంచి 178కి. రెండు రూపాయలు. అప్పట్లో దాంతో మహా అయితే ఒక షాంపూ ప్యాకెట్ వచ్చేదేమో.

ఐదేళ్లు దాటకుండా తమరిని సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే రాశారు. తెలంగాణ వచ్చాక కూడా చాలా రంగాల్లో బేసిక్ ఏళ్ల తరబడి కదల్లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) పేరిట నాలుగు మెతుకులు రాలాయి, అంతే. 2021లో ఐదు రంగాలకు పెంచుతూ జీవోలైతే వచ్చాయి. వాటిని గెజిట్‌లో అచ్చు వేయించే పని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. దానికోసం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. పుట్టిన బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే బడిలో చేర్చుకోరు కదా, అలా తిరిగారు తమరు ఆ రోజుల్లో.

పెంచితే వ్యాపారాలు మునిగిపోతాయి, ఉద్యోగాలు పోతాయి అని టీవీలో టై కట్టుకున్న పెద్దమనుషులు చెబుతుంటారు. వ్యాపారం చేస్తున్నది నేను కాబట్టి నన్నూ ఒక మాట చెప్పనివ్వండి. తమరు పెరిగితే నాకు కష్టమే, అబద్ధమెందుకు? రెండేళ్లకు ఒకే రేటని ఒప్పందం రాయించుకున్న ప్రైవేటు పార్టీ దగ్గరికి పెరిగిన వీడీఏ కాగితం పట్టుకుని వెళితే ముందు టీ ఇస్తారు, తరవాత "మీరే అడ్జస్ట్ అవ్వండి" అంటారు. ఒక ఆఫీసు కాంప్లెక్సులో అలాగే వెళితే కాదనలేదు, ఆరుగురున్న చోట నలుగురు చాలన్నారు. అంతస్తులు తగ్గలేదు, బాత్రూములు తగ్గలేదు, మనుషులే తగ్గారు. ఆ ఇద్దరికీ నేను వేరేచోట పని చూపించాను. మిగిలిన నలుగురి నడుములకు మాత్రం ఏమీ చూపించలేకపోయాను.

కానీ రెండోవైపు కూడా నా ఖాతాలోనే ఉంది. పూర్తి జీతం చేతికొస్తుంది కాబట్టి మావాళ్లు మానరు. ఏ నేలకు ఏది పోయాలో, ఎంత నీళ్లు కలపాలో వాళ్లకు చెప్పక్కర్లేదు. నెలనెలా మనుషులు మారిపోయే ఏజెన్సీ ఒకటి మార్బుల్ లాబీలో యాసిడ్ పోయించి మెరుపంతా తినేసింది. నిన్న చేరిన పిల్లకు ఎవరూ చెప్పలేదు మరి. ఆ పాలిష్ ఖర్చుతో అంతమందికీ తమరి రేటు ఏడాదిపాటు ఇచ్చినా ఇంకా మిగిలేది.

అమెరికాలో దీని మీద పెద్ద పరిశోధనే జరిగింది. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం తమరిని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచితే, పెంచని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లతో పోల్చి, ఉద్యోగాలేమీ పోలేదని కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తేల్చారు. కాదు, జీతాల రికార్డులు చూస్తే పోయాయని ఇంకో ఇద్దరు కొట్లాడారు. కార్డ్ గారికి 2021లో నోబెల్ వచ్చింది, గొడవ మాత్రం పూర్తిగా తీరలేదు. తీరకపోతే పోనివ్వండి. వాళ్లు అదృష్టవంతులు. అక్కడ పెంచిన డబ్బు ముందు మనిషి చేతికి చేరింది, ఆ తరవాతే ఏమైందో లెక్కపెట్టారు. ఇక్కడ చేరనేలేదు, ఇక ఏం లెక్కపెట్టాలి? (అక్కడా తమరి సంగతి అంతంతే అనుకోండి. ఫెడరల్ రేటు 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే నిలబడింది. మనవాళ్ల గ్యాస్ స్టేషన్లో చాటుగా నగదుకు పనిచేసే మన పిల్లలను అడిగితే ఆ 7.25 కూడా ఎంత దూరమో చెబుతారు.)

నేను చెప్పేదొక్కటే. మీరు పెరగడం వల్ల నా వ్యాపారం దెబ్బతినలేదు. మీరు పెరిగినట్టు నటించడం వల్ల దెబ్బతింటోంది. మీరు వెయ్యి పెరిగితే నేను వెయ్యి ఇస్తాను. ఏటీఎం దగ్గర కార్డుల కట్టతో నిలబడేవాడు వెనక్కి తీసుకునేది మూడు వేల నుంచి నాలుగు వేలు చేస్తాడు. ఆవిడ చేతికొచ్చేది ఎప్పుడూ అంతే. అంటే మీరు పెరిగినప్పుడల్లా వాడి లాభం పెరుగుతుంది, నా టెండరు ఇంకాస్త వెనక్కి పోతుంది. ఇరవై మంది దగ్గర మూడేసి వేలంటే నెలకు అరవై వేలు. నేను అడిగిన నాలుగు శాతం పదిహేను వేలకు యాభై తక్కువ. అరవై వేలు దోచేవాడు 37 రూపాయలు చాలంటే ప్రజాధనం ఆదా చేసిన పుణ్యాత్ముడు. పదిహేను వేలు పైకి అడిగినవాడు అత్యాశపరుడు. ఆఫీసు ఫైల్లో అలాగే రాస్తారు కూడా.

మీ వెనక ఎంతెంత పెద్ద మాటలున్నాయి! ఇచ్చే స్తోమత లేదన్న సాకు మీ ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. మీకంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో ఆసియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. వెట్టి సంగతి ఈ గడ్డకు ఎవరైనా కొత్తగా చెప్పాలా? గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవరాళ్లే ఇప్పుడు ఏటీఎం ముందు వరస కట్టారు. దొరకు బదులు రబ్బరు బ్యాండు పట్టుకున్న సూపర్‌వైజరు, అంతే తేడా.

శిక్షంటావా? పాత చట్టంలో నిన్ను ఎగ్గొట్టినవాడికి ఆర్నెల్ల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా. మధ్యలో 'లేదా' ఉన్నాక జైలుకెవడు పోతాడు? 1948లో రాసిన ఐదొందలు డెబ్బై ఏళ్లు దాటినా ఐదొందలే. నీకు ఏడాదికి రెండుసార్లు వీడీఏ, జరిమానాకు మాత్రం లేదు. 2025 నవంబరు 21 నుంచి కొత్త వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది, సంతోషం. జరిమానా యాభై వేల దాకా పెరిగింది. అందరికీ నువ్వు వర్తిస్తావట, ఆ పని పేరు షెడ్యూలులో, అంటే సర్కారు జాబితాలో, ఉండక్కర్లేదట. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న కంపెనీ కట్టాలట. అన్నీ బాగున్నాయి. కానీ ఎగ్గొట్టినవాడికి జరిమానా వేయాలంటే ముందు తప్పు దొరకాలి. వాడి కాగితాల్లో తప్పెక్కడుంది? అన్నీ కడిగిన ముత్యాల్లా ఉంటాయి. తప్పు రాత్రి తొమ్మిదింటికి ఏటీఎం అద్దాల గది లోపల జరుగుతుంది. పైన కెమెరా కూడా ఉంటుంది. ఒకే మనిషి వరసపెట్టి ఇరవై కార్డులు గీకడం ఆ కెమెరాలో పడదా? నెలనెలా, ఒకే రోజు, ఒకే మెషీన్లో? యూపీఐలో ఐదు వేలు అటూ ఇటూ అయితే మెసేజ్ పంపే బ్యాంకుకు ఇది కనపడదా?

సున్నా సర్వీస్ చార్జికి మనిషి ఎందుకు పని చేస్తాడని ఆ టెండరు తెరిచిన ఒక్కడంటే ఒక్కడు అడగలేదేం? చప్పట్లు కొట్టడానికి చేతులొచ్చాయి. సిగ్గుండాలి. నీ పేరు స్టాంపు పేపరు మీద రాయించుకుని, ఆ కాగితం సాక్షిగా నిన్ను చంపుతుంటే నువ్వూ ఆ ఫైల్లో మడత నలగకుండా పడుకుని ఉన్నావు. ఆ మూడు వేలు ఆవిడ కొడుకు ఇంటర్ ఫీజు. ప్రభుత్వానికి కట్టాలి కాబోలనుకుని, పాపం, లెక్కపెట్టి మరీ ఇచ్చింది. అదీ నీ పేరు మీదే.

సరే. కోపంలో నువ్వన్నాను, మన్నించాలి. తమరంటే ద్వేషం లేదు. తమరే లేకపోతే ఆ పదిహేను వేల లెక్క కూడా ఉండేది కాదు, ఐదు వేలిచ్చి పండక్కి చీర పెట్టేవాళ్లని నాకు తెలుసు. ఆవిడ దగ్గర మూడు వేలే లాక్కోగలిగారంటే, మిగతాది లాక్కోలేకపోయింది తమరి వల్లే. ఏడో తారీఖు సాయంత్రం మావాళ్ల ఫోన్లు ఒక్కొక్కటీ టింగుమంటుంటే సూపర్‌వైజరక్క గుమ్మంలో నిలబడి "పడ్డాయా, పడ్డాయా" అని అడుగుతుంటుంది చూడండి, ఆ పూట తమరిమీద కొంచెం గౌరవం కూడా కలుగుతుంది. అందుకే ఇంత రాశాను.

ఇట్లు,
తమరి పేరు చెప్పుకుని బతుకుతున్న
ఒక చిన్న కాంట్రాక్టరు

తా.క.: ఇది ముగిస్తుండగా ఒక అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు ఫోన్ చేశారు. నలుగురు స్వీపర్లు, ఇద్దరు సెక్యూరిటీ కావాలట, సెక్యూరిటీకి పన్నెండు గంటల డ్యూటీ. "కొటేషన్ రెండు రకాలుగా పంపండి సార్. మినిమం వేజెస్‌తో ఒకటి, మినిమం వేజెస్ లేకుండా ఒకటి. రెండూ కమిటీలో పెడతాం" అన్నారు. చాలా మర్యాదస్తుడు. ఆయన ఉద్యోగం ఏమిటో మాటల్లో తెలిసింది. లేబర్ డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారట.